గుట్ట మీది టవర్

ఊరు సగం వరదలో మునిగిన ఆ మధ్యాహ్నం, నెట్‌వర్క్ కంట్రోల్ రూములో ఇంజనీరు అమ్మాయి కంప్యూటర్ ముందు నుంచి కదలలేదు. ఆమె పై అధికారి పక్కనే నిలబడ్డాడు.

“ఆస్పత్రి నుంచి ఒక్క ఫోన్ కాలైనా సరిగ్గా వచ్చిందా?”

“లేదు సార్. రింగవుతోంది, మాట వినబడేలోపే తెగిపోతోంది. గుట్ట మీది టవర్ సిగ్నల్ వచ్చి ఆస్పత్రి టవర్ మీద పడుతోంది. ఎవరి మాటా ఎవరికీ వినబడని సంతలా ఉంది.”

“గుట్ట టవర్ పవర్ తగ్గించి చూడు.”

“తగ్గించాను, చాల్లేదు. దాన్ని పూర్తిగా ఆపేస్తే ఆస్పత్రికి లైను దొరుకుతుందని నా అంచనా.”

“అంచనా తప్పితే?”

“రెండు వైపులా లైన్లు పోతాయి. కానీ అక్కడ మంచం దిగలేని రోగులున్నారు సార్. పడవలు ఎటు నుంచి రావాలో ఆస్పత్రి వాళ్ళు చెప్పలేకపోతున్నారు.”

“మరి గుట్ట వైపు ఎవరున్నారు?”

“గుట్ట కింది మిల్లులో పనిచేసేవాళ్ళు. మిద్దె ఎక్కారు.”

“నీకెలా తెలుసు?”

ఆమె బల్ల మీది తన ఫోను చేతిలోకి తీసుకుంది.

“మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఇందాకటి నుంచి లైన్లోనే ఉన్నాడు. వాడికి ఈత రాదు సార్.”

“నువ్వు లే అమ్మా. నేను ఆపుతాను.”

“వద్దు. వాడికి చెప్పి నేనే ఆపుతాను.” ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. “ఒరేయ్, కాసేపు నా గొంతు వినబడదు. మిద్దె దిగకు. నీకూ పడవ పంపిస్తాను.”

“పెట్టేయకే అక్కా. నీళ్ళు పై మెట్టు దాకా వచ్చేశాయి.”

ఆమె కళ్ళు మూసుకుని టవర్ ఆపేసింది.

వెంటనే ఆస్పత్రి లైను మోగింది. “చెప్పండమ్మా, స్పష్టంగా వినబడుతోంది,” అంటున్నాడు అధికారి.

ఆమె మాత్రం ఫోను చెవి మీంచి తీయలేదు.