ఆల్చిప్ప పువ్వు

బల్లలా కాళ్ల మీద నిలబెట్టి, పెడళ్లు తొక్కుతూ వాయించే పెడల్ స్టీల్ గిటార్లు చేసే పెద్దాయన, కొత్త గిటార్ చెక్క మీద ఆల్చిప్ప ముక్కలతో పువ్వు పొదుగుతున్నాడు. దాన్ని చేయించుకున్నావిడ గుమ్మంలోనే నిలబడింది.

"మూడోసారి రావడం బాబాయ్. ఇంకా ఏం మిగిలింది?"

"ఒక్క రేకమ్మా. కూర్చో."

"పోయినసారీ ఒక్క రేకే అన్నారు."

"తీగలూ పెడళ్లూ నా పని. పువ్వులు మీ పిన్ని పని. తను పోయాక ఈ మొద్దు చేతికి ఒక్క పువ్వూ లొంగట్లేదు."

"చక్కగా ఉంది. ఇచ్చేయండి, తీసుకెళ్తాను."

ఇక ఆపడానికి ఆయనకు సాకు దొరకలేదు.

"తీగలు సడలుతాయి. వారానికోసారి తెచ్చి చూపించు."

"నేనే బిగించుకుంటాను. పదేళ్లుగా వాయిస్తున్నాను కదా."

ఆయన తల వంచుకుని రేకు మీది పొడి ఊదాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వారం వారం ఇంత బరువు మోయలేను గానీ, నేనొక్కదాన్నే వస్తాను. ఏ రోజు ఖాళీ?"

"రోజూ ఖాళీయేనమ్మా."