ఆరు డ్రెస్సులకూ పొడుగు చేతులే

ఆ రోజు ఇంట్లో దర్జీ పని చేసే పిన్ని, కాలేజీలో చేరాక మొదటిసారి సెలవులకు వచ్చిన అక్క, గుమ్మం దగ్గర నేను ఉన్నాం.

“ఆరింటికీ పొడుగు చేతులేనా? ఈ ఎండలో ఉడికిపోతావే!”

“అది ఫ్యాషన్ పిన్నీ.”

“నాకే నేర్పుతున్నావా? వేసుకున్నదాని చేతులు పైకి మడువు, కొలవాలి.”

“సుమారుగా కుట్టెయ్యరాదూ?”

“సుమారుగా కుడితే ఒక్కో చేతిలో ఇద్దరు దూరొచ్చు. మడువు!”

అక్క మెల్లగా మడిచింది. పిన్ని టేపు పక్కన పెట్టేసింది.

“ఈ గాయాలేంటే?”

“నేనే చేసుకున్నా. హాస్టల్లో దిగులు తట్టుకోలేక. అమ్మకి చెప్పకు.”

“ఇద్దరం కలిసే చెబుదాం. రేపు డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తా.”

“డాక్టరమ్మ తిడితే?”

“ఆవిడ బట్టలు కుట్టేది నేనేగా! తిట్టమను చూద్దాం, అన్నీ బిగుతుగా కుట్టేస్తా.”

అక్క ఏడుస్తూనే నవ్వేసింది.

“సరే, వస్తాలే.”

“నువ్వేంటే, అక్కడ గోడకి బల్లిలా?” అంటూ పిన్ని నా ముఖం మీదే తలుపు వేసేసింది.