తొమ్మిది నిమిషాల దారం

మధ్యాహ్నం. వైర్లూ స్విచ్చులూ అమ్మే దుకాణం. కౌంటరు లోపల ఆమె, బయట గిటారు పెట్టెతో ఆమె బావ. మూడేళ్ళ కిందటి వరకు ఇద్దరిదీ ఒకే బ్యాండు.

"తొమ్మిది నిమిషాలూ ఒకటే స్వరమా బావా?"

"ఒకటే. మొదటి నుంచి చివరిదాకా తెగకూడదు."

"దానికి నేనెందుకు? కీబోర్డు మీద ఓ ఇటుక పెట్టు. అలగదు, ఎదురు చెప్పదు."

"ముందు కథ విను చిట్టీ. గ్రీకు పురాణం."

"పాడేవాడే లేని రాక్‌లో కథ కూడానా?"

"ఉంది. లోపలికి వెళ్తే బయటికి దారి దొరకని కోట. డ్రమ్స్ ఏమో లోపలున్న ఎద్దు తల రాక్షసుడు. గిటారేమో వాణ్ణి చంపడానికి వెళ్ళే వీరుడు. రాజకూతురు వీరుడికి దారపు ఉండ ఇస్తుంది. ఆ దారం పట్టుకునే బయటపడతాడు. ఆ దారం నీ కీబోర్డు."

"బయటపడ్డాక?"

"ఇద్దరూ ఓడెక్కుతారు."

"ఆ తర్వాత?"

"అక్కడితో అయిపోతుంది."

"అవదు. నిద్రపోతున్న పిల్లని దీవిలో వదిలేసి వీరుడుగారు ఓడ తీసుకుని పోతాడు. వైర్లు అమ్ముకునేదానికి ఇవన్నీ తెలియవనుకున్నావా?"

"ఆ ముక్క నా పాటలో లేదు."

"ఎందుకుంటుంది? బ్యాండ్ల పోటీ గెలిచిన రోజు నువ్వు రికార్డుల కంపెనీ వాళ్ళ కారెక్కావు. నేను కీబోర్డు మోసుకుంటూ బస్సెక్కాను. అది మాత్రం ఏ పాటలో ఉంది?"

"కారులో చోటు లేక..."

"నీ గిటార్లు మూడింటికీ సరిపోయింది. కాస్త జరుగు, బేరాలొచ్చాయి. ఇదిగోండి అన్నా, పది మీటర్లు, చూసుకోండి. ఆఁ, చెప్పు. నా తర్వాత ఎంతమందిని మార్చావు?"

"ముగ్గుర్ని."

"మూడేళ్ళలో ముగ్గురు. ఫ్యాన్ రెగ్యులేటర్లు కూడా అంతకంటే మన్నుతాయి."

"నీకంటే బాగా నేర్చుకున్నవాళ్ళే. స్వరం ఇసుమంతైనా కదలకుండా పట్టారు. అయినా ఎందుకో అతకట్లేదు. మొన్న కచేరీలో ముందు వరసలో వాళ్ళు నవ్వుకున్నారు. ఆదివారం కచేరీ కూడా అలాగే అయితే కంపెనీ నన్ను వదిలేస్తుంది."

"వదిలేస్తే ఎలా ఉంటుందో నన్నడుగు, చెప్తాను. ఫోన్లో ఉందా? పెట్టు."

"ఇదిగో. ఇక్కడే వీరుడు లోపలికి... ఇప్పుడు మలుపు... ఎలా ఉంది?"

"ఆపు. ఆపు బావా, పక్క కొట్టువాళ్ళు వింటారు. రెండో నిమిషానికే శ్రుతి దిగిపోయింది."

"కీబోర్డా?"

"నీ గిటారు. కోపమున్నట్టు లాగుతావు, తీగలు వదులైపోతాయి. ఆ ముగ్గురూ స్వరం కదపలేదన్నావే, అక్కడే నువ్వు దొరికిపోయావు. నేను ఎప్పుడు కదపకుండా ఉన్నాను? కీబోర్డు పక్కన స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చిన్న చక్రం ఉంటుంది చూడు. దాన్ని వెంట్రుకవాసి తిప్పుకుంటూ నీ వెనకే దిగేదాన్ని. నువ్వు దిగినంత నేనూ దిగితే, వినేవాళ్ళకి ఇద్దరం సరిగ్గానే ఉన్నట్టు."

"ప్రతి కచేరీలోనా?"

"ప్రతి దాన్లో. నువ్వు అదంతా నీ వేళ్ళ మహిమ అనుకున్నావు."

"ఇంకోసారి పెడతాను. ఎక్కడ దిగిందో చూపించు."

"ఇక్కడ. ఇదిగో, ఇక్కడ ఇంకా ఘోరం. వినపడలేదూ?"

"లేదు."

"నీకు ఏనాడు వినపడింది? ఎదుటివాళ్ళ మాటే వినపడదు."

"వెటకారం ఆడకు చిట్టీ, నిజంగానే వినపడదు. ఎడమ చెవి పోయింది. కుడిది సగం. పోయిన నెలే చూపించుకున్నాను. కంపెనీకి చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఆ స్పీకర్ల మోతకి ఐదేళ్ళ కిందటే దూరం జరిగి ఉంటే కుడిదైనా దక్కేదన్నాడు. నాకు తెలిస్తే కదా. అప్పట్లో ఎవరైనా ఒక్క మాట అని ఉంటే..."

"నేను ఆ చక్రం తిప్పడం మొదలుపెట్టింది అప్పుడే బావా. నీకు వినపడట్లేదని ఆ వారంలోనే కనిపెట్టాను. చెప్తే నువ్వు గిటారు దించేస్తావు. నువ్వు దించేస్తే నన్ను స్టేజీ ఎక్కించేదెవరు? లెక్క చూసుకుని నోరు మూసుకున్నాను."