రాక్షసి బొగ్గు బస్తా

పటమటలో ఇంటింటికీ గ్యాస్ పొయ్యిలు వస్తున్న రోజులు. వీధి మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఒకావిడ తన మంగళగిరి చీర మడత విప్పి చూసింది.

“ఏంటయ్యా ఈ మసి? గంధం రంగు చీర, జరీ అంచు కూడా నల్లబడింది. ఇంకో గంటలో పెళ్ళికెళ్ళాలి నేను.”

“తప్పయిపోయిందండి, అమ్మగారూ.”

“పొగ కంపొకటి. పెట్టెలో ఏం బొగ్గేశావు?”

“రాక్షసి బొగ్గండి.”

“ఇరవయ్యేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదా? కట్టెబొగ్గయితే పొగ లేకుండా కణకణలాడుతుంది. రాక్షసి బొగ్గు భూమిలోంచి తవ్వి తీసేది, అంటిస్తే మంటా, పొగా, మసీ. పొయ్యిలోకి గానీ పెట్టెలోకి పనికొస్తుందా?”

“రాదండి. తెలుసండి.”

“తెలిసీ వేశావా! ఎవరిచ్చారు నీకది?”

ఇస్త్రీ అతను పెట్టెను పక్కన పెట్టాడు.

“మీరేనండి. గ్యాస్ వచ్చాక మిగిలిన బస్తా ఇచ్చారు కదండీ.”

“నేనా... ఇంట్లో అడ్డంగా ఉందని ఇచ్చేశానయ్యా. అంత ఆలోచించలేదు. పనికిరాదని అప్పుడే చెప్పొచ్చుగా?”

“పిలిచి ఇచ్చినదాన్ని ఎలా వద్దంటామండీ? కనపడినప్పుడల్లా ‘నా బొగ్గు వాడుతున్నావా’ అని అడిగేవారు. ఇంకా లేదంటే బాగోదని, మీ బట్టల వరకే వేశానండి.”

ఆవిడ చీరను మసి లోపలికి పోయేలా మడిచింది.

“నీకు బస్తాడు బొగ్గు దానం చేశానని వీధంతా చెప్పుకున్నానయ్యా.”

“విన్నానండి. ఇక్కడే నిలబడి చెప్పారు కదండీ.”