తిరుగుటపాలో వచ్చిన నవల

ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక ఖాళీ చేస్తుంటే, టైపు మాస్టారు ఒక్క కట్టను మాత్రం చంకన పెట్టుకుని టీకొట్టుకు వచ్చేశారు. పాతికేళ్ల కిందట ప్రచురణకర్తలకు పంపితే తిరిగొచ్చిన ఆయన నవల అది. ఆ రోజు నుంచి ఆయన మరో వాక్యం రాయలేదు, ఆ కట్ట విప్పనూ లేదు. దాని కథ చెప్పమంటే మాత్రం టీ చల్లారినా ఆపేవారు కారు.

“ఏంటి బాబాయ్ అది?” అన్నాడు దర్జీ, బల్ల మీద కాస్త జరిగి చోటిస్తూ.

“నవలరా! నాలుగు వందల పేజీలు. మీ పిన్ని చిత్తుప్రతి చదువుతుంటే నేను టైపు కొట్టాను. ఒక్క తప్పు లేదు.”

“ఒక్కటి కూడానా?”

“కొన్న రబ్బరు కొన్నట్టే ఉందిరా! ఆ వేగం నువ్వు చూడాల్సింది. మా ఇంట్లో టకటకలు వినపడితే వానొచ్చిందనుకుని వీధి వీధంతా ఆరేసిన బట్టలు తీసేసుకునేవాళ్లు. మిషను కాగిపోయేది. మీ పిన్ని దాని మీదే గిన్నె పెట్టి టీ కాచేది, చదవడం ఆపకుండానే. ఆవిడ పోయాక అలాంటి టీ మళ్లీ తాగలేదనుకో.” మాస్టారు కట్ట మీది దుమ్ము తుడిచారు. “ఆ తర్వాత ఏమైందో తెలుసా? సోమవారం పంపితే బుధవారానికల్లా తిరిగొచ్చేసింది! అంటే ఒక్క పూటలో చదివేశారన్నమాట. యజమాని ఏడ్చాడు, అక్షరాలు పేర్చే కంపోజిటర్లు ఏడ్చారు, ప్రెస్సులో మోకాలిలోతు కన్నీళ్లు, కాగితం కట్టలు తేలిపోతుంటే ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చారు! చివరికి యజమాని, ‘ఇది అచ్చేస్తే జనం ఇంకో పుస్తకం ముట్టరు, మిగతా రచయితల కడుపు కొట్టలేను’ అని చేతులు జోడించి పంపేశాడు.”

“అలా ఉత్తరం రాశాడా?”

“రాసే ఉంటాడు. లోపలుంటుంది.”

పక్కనే కూర్చున్న రిటైరైన పోస్ట్‌మాన్ గ్లాసు కింద పెట్టి, కట్టను దగ్గరకు లాక్కున్నాడు. కళ్లజోడు ఎత్తి, దించి చూశాడు.

“మాస్టారూ, దీని మీద రెండు ముద్రలున్నాయి. రెండూ మన పోస్టాఫీసువే.”

“అయితే?”

“వాళ్లు పంపుంటే వాళ్ల ఊరి ముద్ర ఉండాలి కదండీ. తిప్పి పంపడానికని మీ అడ్రసు రాసి లోపల పెట్టాల్సిన కవరు ఇది. మీరు దీన్నే పైన తొడిగారు. మీ నవల ఊరే దాటలేదండీ.”

మాస్టారు కట్టను లాక్కుని రెండు ముద్రలనూ ఒక్కొక్కటిగా చూశారు.

“ఆ రోజే చెప్పొచ్చుగా?” అన్నారు.

“నాకేం తెలుసండీ? మీ అడ్రసు చూసి మీ చేతికిచ్చాను. మీరు తలుపేసుకున్నారు.”

మాస్టారు దారం తెంపారు. మడతపెట్టిన కవరొకటి ఒళ్లో పడింది. దాని మీద ప్రచురణకర్తల అడ్రసు, ముద్ర పడని స్టాంపులు. దాని కింద మొదటి పేజీ. మూడుచోట్ల రబ్బరుతో గీకిన మచ్చలు. మూలన గ్లాసు అడుగు అంత గుండ్రంగా టీ మరక. ఆ మరక మీద ఆయన బొటనవేలు చాలాసేపు ఆగిపోయింది.

“పద, పోస్టాఫీసుకు,” అన్నారు పోస్ట్‌మాన్‌తో, కళ్లు తుడుచుకుంటూ. “ఈసారి ఏ కవరు పైనుండాలో నువ్వే చూడు.”

“అయితే బాబాయ్,” దర్జీ వదల్లేదు, “ప్రెస్సులో ఎవరూ ఏడవలేదా?”

“ఏడుస్తార్రా,” అన్నారు మాస్టారు లేస్తూ. “ముందు పంపనీ!”