కరెంటు పిల్లనగోయికి కొత్త పీక

"తాతా, నువ్వు కరెంటు పిల్లనగోయి ఊదినవట గదా? నిజమేనా?"

ఎవలు చెప్పిన్రు నీకు? మీ నాయినమ్మే చెప్పి ఉంటది. తన తమ్ముని ముచ్చట ఎప్పుడు తీద్దామా అని చూస్తుంటది ఆమె. ఊదిన. ఒక్కసారే ఊదిన. ఆ ఫోను జర ఇటు జరుపు బిడ్డా, అంత దూరం పెడ్తె నా మాట ఏం రికార్డైతది. ఆఁ. మొదటికెళ్లి చెప్తెనే నీకు సమజైతది.

మాది ధర్మసాగర్ దిక్కు. మా నాయినకు గొర్లమంద ఉంటుండె. ఆయన ఊదే పిల్లనగోయి అడ్డం పట్టుకునేది కాదు, నోట్ల పెట్టుకోని నిలువుగ ఊదేది. గొర్రెపిల్లను అమ్మినప్పుడు తల్లి ఎట్ల ఒర్రుతదో నువ్వు చూడలే. మేత ముట్టది, నీళ్లు ముట్టది. అప్పుడు మా నాయిన దాని పక్కన కూసోని ఒక పాట ఊదేటోడు. పాటంటే మాటలేం లేవు, ఉత్త రాగం. నడుమల ఒకకాడ స్వరం మస్తు కిందికి దిగాలె. వెదురు అంత కిందికి పలకది గదా, ఆడ ఆయన ఆ వెదురు కోవిని నోట్లకెళ్లి తీసి గొంతుతోని "ఊఁ" అని మళ్ల ఊదేటోడు. నేను సుత గట్లనే నేర్సుకున్న.

కరువుల మంద పోయింది. వరంగల్ వచ్చి గంజ్‌ల ధాన్యం బస్తాలు మోసిన. మీ నాయినమ్మ మిర్చి కల్లంల కాయలు ఏరింది, చేతులు మండుతయని రాత్రిళ్లు నీళ్లల్ల పెట్టుకోని కూసునేది. చాయ్ నాలుగణాలు అప్పుడు, దాన్నే ఇద్దరం తాగేది. మీ నాయినమ్మతోని కాదు... నేను, యాకూబన్న. యాకూబన్న అంటే మా పెండ్లి బ్యాండు మాస్టర్. నేను బస్తాల మీద కూసోని ఊదుతాంటె విని, "మల్లన్నా, బస్తాలు గాడిద సుత మోస్తది, నువ్వు నా ఎంబడి రా" అన్నడు.

మా నాయిన గొర్రెకు ఊదిన పాటను నేను అప్పగింతలకు ఊదిన. తల్లి పిల్ల చెయ్యి తీసి అత్తగారోళ్ల చేతుల పెడ్తది చూడు, గప్పుడు. వంటోళ్లు సుత గంటెలు పట్టుకోని బయటికొచ్చి ఏడుస్తుండ్రి. బ్యాండు మాట్లాడుకునేటప్పుడే చెప్పేటోళ్లు, అప్పగింతలకు మల్లయ్య లేకుంటె మాకు బ్యాండే వద్దని. డెబ్బయిలల్ల అంత నాదే నడిచింది బిడ్డా. గొప్పలు చెప్తలేను, యాకూబన్న ఉంటె ఆయన్నే అడుగుదువు.

ఇగ నా బామ్మర్ది సమ్మయ్య. మీ నాయినకు మేనమామ. మా బ్యాండులనే క్లారినెట్ ఊదేటోడు. ఊదేటోడు అంటాన గని, దాంతోని కొట్లాడేటోడు. చిన్నప్పుడు దగ్గు పట్టి వాని ఊపిరి సగమే. నేనే వాణ్ని బ్యాండుల పెట్టిచ్చిన. ఎనభయ్యిల ఆఖర్ల వాని భార్య తమ్ముడు దుబాయికెళ్లి వచ్చుకుంట ఒక డబ్బ తెచ్చి వాని చేతుల పెట్టిండు. తీసి చూస్తె తెల్లగ, నున్నగ, మోచెయ్యంత పొడుగు ప్లాస్టిక్ గొట్టం. బొక్కలు లేవు, మీటలున్నయి. వైరు గుంజి స్పీకర్‌కు పెట్టి ఇట్ల ఊదితె చాలు, పెద్ద ఊపిరి అక్కెర లేదు. ఒక మీట నొక్కితె సన్నాయి, ఇంకోటి నొక్కితె పిల్లనగోయి, ఇంకోటి నొక్కితె బాకా. వానికి ఊపిరి తక్కువాయె, దానికి ఊపిరే అక్కెర లేకపాయె. ఇద్దరికి ఇద్దరు మంచిగ కుదిరిన్రు.

ఇగ చూడు! బరాత్‌ల సమ్మయ్యే ముందల. పోరగాళ్లు వాని ముందట ఎగురుతాన్రు, సేట్లు వాని జేబుల నోట్లు కుక్కుతాన్రు. నేను డోలోల్ల ఎన్క. నేను ఊదేది నా పక్కనున్నోనికే ఇనొస్తలేదు. నాకు కడుపుల మంట లేసేది బిడ్డా, ఉత్తగ చెప్తలేను. వాన పడి ఆ వైరు కాలిపోవాలె అని ఎన్ని పెండ్లిళ్లల్ల మొక్కుకున్ననో. పెండ్లోల్లకు వాన వద్దు, నాకు కావాలె. ఇంటికొచ్చి మీ నాయినమ్మ మీద ఒర్రేది. "నా తమ్ముడు పైకొస్తాంటె నీకు కండ్లల్ల కారం పడ్డట్టున్నది" అని ఆమె ఒర్రేది. పడ్డది. నిజమే చెప్పింది. గని ఆమెకు ఒకటి తెల్వదు. నా మంట వాని పైసల మీద కాదు, వాని పేరు మీద కాదు. నాకు ఆ గొట్టం కావాలె. ఒక్కసారి నోట్ల పెట్టుకోని చూడాలె. పండుకుంటె చేతి ఏళ్లు వాటంతట అయ్యే కదిలేటియి.

మరి అడుగొచ్చు గదా అంటవ్. ఎట్ల అడుగుత? మా దాంట్ల ఒక పద్ధతి ఉంటది. ఒకని కోవికి ఇంకొకడు నోరు పెట్టడు, ఎంగిలి. గురువు తను ఊదేది శిష్యునికిస్తడు, వాడు కండ్లకద్దుకోని ఊదుతడు. ఎవని ఎంగిలి ఊదితె ఆయన నీకు గురువు. గురువు మాత్రం శిష్యుని దాన్ని ముట్టడు, చచ్చినా ముట్టడు. సమ్మయ్య ఎంగిలి నేను ఊదితె ఏమైత చెప్పు? నేను పెట్టిచ్చినోనికి నేనే శిష్యున్నా?

ఒకనాడు స్టేషన్ రోడ్డు హోటల్ల అందరం కూసున్నం. బీటుబజార్ల బియ్యం సేటు బిడ్డ పెండ్లి ఒప్పుకున్నం, దాని ముచ్చట నడుస్తాంది. సమ్మయ్య నా దిక్కు చూసి, "బావా, ఊరికె దాని దిక్కు అట్ల చూస్తవేంది, దిష్టి తాకుతది. ఊదుతవా?" అన్నడు.

"నీ ఎంగిలి నాకెందుకురా" అన్న.

వాడు నవ్వుకుంట డబ్బ తెరిచి ఇంకో పీక తీసిండు. పీక అంటే నోట్ల పెట్టుకునే ముక్క. అది ఊడొస్తదట! కాయితం సుత తియ్యలే దానికి. "ఇది ఎవలు ముట్టలే బావా. దీనికి నువ్వే మొదలు" అన్నడు. "క్యా మల్లన్నా, ఇప్పుడు సుత బహానాలు, సాకులేనా?" అని యాకూబన్న. డప్పు కొట్టే ఎల్లయ్యేమో గొట్టం పాతదే గదా, ఎంగిలి గొట్టంల ఉంటదా పీకల ఉంటదా అని పంచాయితి షురూ చేసిండు. "పంచాయితి మీరు చేస్కోన్రి" అని నేను తీస్కున్న.

మొదట పలుకలే. జర గట్టిగ ఊదిన, మిల్లు సైరన్ లెక్క ఒర్రింది. వెదురు మీద మేము ఏలు జరిపి బొక్కను సగమే మూస్తం, స్వరం మెల్లగ వంగుతది. దీనికి సగం అనేదే తెల్వది. ఏలు ఈడిస్తె టక్కున ఎగిరి అవతల కూసుంటది. ఇంతల బొటనేలు దేనికో తాకి పిల్లనగోయి కాస్త బాకా అయ్యింది. "మల్లన్న పోలీసు బ్యాండుల చేరిండు!" అని ఎల్లయ్య కింద పడి నవ్వుతాండు. నా చెవులు కాలినయి. గని ఇడువలే. ఏలును కాదు, ఊపిరిని వంచాలె అని సమజైంది. కండ్లు మూసుకోని మా నాయిన పాట ఎత్తుకున్న. ఆ కిందికి దిగే జాగ వచ్చింది చూడు... గొంతుతోని అందామని తీయబోయి, ఎందుకో తీయలే, ఊదిన. పలికింది బిడ్డా! మా నాయినకు పలుకనిది, నాకు ఎన్నడు పలుకనిది, నిండుగ పలికింది. హోటలోడు గిలాసలు కడుగుడు ఆపిండు. దాన్ని వాని చేతుల తిరిగి పెట్టేటప్పుడు నా చెయ్యి రాలే.

పెండ్లి వచ్చింది. బరాత్‌ల సమ్మయ్య ముందల, అప్పగింతలకు నేను. యాకూబన్న గట్లనే పంచిండు. పగటిపూట అప్పగింతలు. తల్లి పిల్ల చెయ్యి పట్టుకున్నది. నేను నా కోవిని తడి చేసుకుంటాన, స్పీకర్ల నుంచి నా పాట లేసింది. నా పాట! సమ్మయ్య ఊదుతాండు. హోటల్ల నేను ఊదుతాంటె వాడు నా ఏళ్లే చూసిండన్నట్టు. ఆ కింది స్వరం సుత ఇడువలే. తల్లి కూలబడి ఏడ్చింది. వాడు ఊదితె ఏడ్చింది. నేను కోవి పట్టుకోని నిలబడ్డ, పాట అయిపోయేదాక.

అటెన్క అంగి గల్ల పట్టుకున్న వానిది. "ఎవనిదిరా ఆ పాట?"

"నీదే బావా" అన్నడు. గల్ల ఇడిపిచ్చుకోలే. ఆ గొట్టం నా ముందట పెట్టి, "చూడు, నువ్వు ఊదిన పీకనే. కడుగలే. కండ్లకద్దుకోనే ఊదిన. ఇగ కొడ్తె కొట్టు" అన్నడు. అందరి ముందట నా కాళ్లకు మొక్కిండు.

ఏం చేస్త? శిష్యుణ్ని పాట ఎందుకు ఊదినవని అడుగుతరా ఎవలన్న? వాడు ప్రేమతోని చేసిండా, తెలివితోని చేసిండా, ఇప్పటిదాక నాకు తెల్వది. ములుగు దాక, యాడికి పోయినా "మా బావ నేర్పిండు" అనేటోడు. అబద్ధం చెప్పలే. జనం మాత్రం సమ్మయ్య పాట అనే అన్నరు.

గని నా మంట అది కాదు. మీ నాయినమ్మకు చెప్పకు. వాడు ఇంటికొచ్చినప్పుడల్ల ఆ డబ్బ గోడకు ఆనిచ్చి పెట్టేటోడు. అన్నం తినుకుంట నేను దాని దిక్కే చూస్తుంటి. గురువునాయె, శిష్యుని దాన్ని ముట్టద్దాయె. "ఊదు బావా" అని వాడు ఒక్కసారన్న అనలే. అన్నా నేను ఊదేటోణ్ని కాదు. వాడు కాలం చేసినంక వాని పిల్లలు దాన్ని ఏం చేసిన్రో... అడుగలే నేను. ఎట్ల అడుగుత.

ఆ కింది స్వరం, చూడు, గిప్పుడు సుత గొంతుతోని అందామంటె... "ఊఁ..." కాదు. గిది కాదు.

ఫోను బందు చెయ్యి ఇగ. నీకు ఏది ఊదాలనిపిస్తె అది ఊదు బిడ్డా, ఎవల చేతుల కనవడ్తె ఆళ్లనే అడుగు. నీ ఊపిరి సల్లగుండ.