ఎప్పుడు ఎరుపయింది

వరంగల్‌లో ఓ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు, 1983 ఫిబ్రవరి, మధ్యాహ్నం. ఇంటర్ ప్రాక్టికల్ పరీక్షలు ఎల్లుండి. లెక్చరర్ కిషన్ రావు అందరినీ అన్నానికి పంపి వెంకట్రాజాన్ని ఒక్కణ్నే ఆపాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారనడం కన్నా ఒకరు అడిగారు, ఒకరు నీళ్లు నమిలారు అంటే సరిపోతుంది.

"మొన్ననే చేసిన గద సార్. మూడు రీడింగులు ఒక్క తీరుగ వచ్చినయి. మీరే శభాష్ అన్నరు."

"మొన్న పక్క టేబుల్ కాడ లిదియా ఉండె. ఇయ్యాల ఎవరు లేరు. మళ్ల చెయ్యి."

"అన్నం తిని వస్త సార్."

"అన్నం యాడికి పోదు. ఫ్లాస్కుల సోడా నీళ్లు పోసి మిథైల్ ఆరంజ్ వేసిన. బ్యూరెట్ల యాసిడ్ ఉన్నది. పసుపు నీళ్లు ఎర్రగయిన కాడ ఆపాలె. గంతే పని."

"ఎరుకే సార్."

"ఎరుకైతె తిప్పు. చుక్క చుక్క రానియ్యి."

"తిప్పుతాన."

"ఇంక పోస్తానవా?"

"జర... ఇంక జర కావాలె సార్."

"జరనా?"

"జరంత. అయితాంది."

"అది ఎర్రగయి ఎంతసేపాయె రాజం. ఫ్లాస్కు దిక్కు కాదు, నా దిక్కు చూడు. నీకు రంగు కనబడ్తలేదా?"

"కనబడ్తది సార్. కిటికీల కెల్లి ఎండ పడి..."

"ఎండ ఆ దిక్కు లేదు."

"రాత్రి నిద్ర లేదు సార్, కండ్లు మండుతానయి."

"రాజం."

"కనబడదు సార్."

"ఎప్పటి సంది?"

"చిన్నప్పటి సంది. నాకు రెండు ఒక్క తీరుగనే ఉంటయి. మాది కాశిబుగ్గ గద సార్, మగ్గం ఇల్లు. ఎర్ర కండె ఏదో పచ్చ కండె ఏదో గుర్తు పట్టనని మా అమ్మ వరుసగ పేర్చి ఇస్తది. మా నాయినకు గూడ ఎరుక లేదు."

"మరి మూడు రీడింగులు ఎట్ల వచ్చినయి?"

"లిదియా దగ్గేది."

"ఎర్రగయిన కాడ?"

"ఆ సార్."

"దగ్గుమని నువ్వు అడిగినవా?"

"అడగలె. ఫస్టియర్ల ఒకనాడు నేను ఇట్లనే పోసుకుంట పోతాంటె పక్కకెల్లి చూసింది. తెల్లారి సంది దగ్గుడు షురూ చేసింది. నేను అడగలె, ఆమె చెప్పలె. ఆమెతోని ఒక్క మాట గూడ మాట్లాడలేదు సార్, మా అమ్మ తోడు."

"ఒక్క మాట గూడ?"

"ఒక్కటి గూడ."

"మరి నిన్న ప్రిన్సిపాల్ రూముల ఏమన్నవు?"

"మీరు ఉంటిరి గద సార్."

"ఉంటి. ఆ దగ్గు దొరకబట్టి మీ ఇద్దరిని ఆడిదాక తోలుకపోయిందే నేను. రీడింగులు చెప్పుకుంటాన్రనుకున్న. అప్పుడు నువ్వొక మాట అన్నవు. అదే అడుగుతాన."

"మా ఇద్దరికి... ఇష్టం అన్న."

"అందుకే దగ్గుతదన్నవు."

"అన్న సార్."

"ఎందుకన్నవు?"

"కండ్ల సంగతి బయటపడ్తదని. రైల్వే నౌకరికి పెట్టుకున్న సార్, క్లాసుల అందరికి ఎరుకే. ఆడ రంగులు చూపిచ్చి అడుగుతరు. ఆ చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి సంపాదించి, ఏ పేజీల ఏ అంకె ఉంటదో బట్టీ కొట్టిన. కాలేజీల తెలిస్తె ఊరంత తెలుస్తది. ఇష్టం అంటె ఏముంది, రెండు తిట్లు తిట్టి ఊకుంటరనుకున్న."

"నిన్ను తిట్టి ఊకున్నరు. ఆమెను?"

"సార్, రాత్రి నాకు ముద్ద దిగలె. ఎవరి మొఖం చూడబుద్ధి అయితలేదు."

"బట్టీ కొట్టి నౌకరి తెచ్చుకుంటవు, సరే. రేపు ఎర్ర జెండా ఊపితె ఏ పేజీల చూస్తవు?"

"అంత దూరం ఆలోచన చెయ్యలె సార్."

"ఇటు రా. ఇదేంది?"

"పీహెచ్ మీటర్ సార్. దసరాకు బొట్లు పెడ్తరు."

"మూడేండ్ల సంది బొట్లు పెట్టుడే గని ముట్టనియ్యలె. పగుల్తదని నాకే భయం. ఇన్‌స్పెక్షనోళ్లకు చూపెట్టుడు, మళ్ల బీరువకు తాళమేసుడు. పొద్దున బయటికి తీసి సరిచేసిన. ఈ గాజు పుల్లను ఈ కొత్త ఫ్లాస్కుల ముంచు. రంగు జోలికి పోకు. ముల్లు చూసుకుంట పొయ్యి. గబుక్కున దిగిన కాడ ఆపు."

"పోస్తాన... మెల్లగ కదుల్తాంది... ఇంక లేదు... సార్, దిగింది."

"బ్యూరెట్ రీడింగ్ ఎంత?"

"తొమ్మిది పాయింట్ ఎనిమిది."

"సరిగ్గ వచ్చింది. ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలె సార్. నేనే. ఇంకోపారి చెయ్యనా?"

"చేద్దువుగని. ఎగ్జామినర్‌తోని నేను మాట్లాడుత. ఎల్లుండి దీనితోనే చేస్తవు."

"సార్, మరి ఈ ముచ్చట మీకు నాకే ఎరుక గద. బయటికి పోదు గద?"

"లిదియా సంగతి?"

"ఆమె సంగతి ఏమైంది సార్?"

"వాళ్ల నాయిన సుందర్ రావు చదువు మాన్పిచ్చిండు. స్టేషన్ ఘన్‌పూర్ల మేనత్త కాడికి పంపుతాండు. పరీక్షకు రాదు."

"మీరే చెప్పరాదుండ్రి సార్. వాడు ఉత్తగన్నడని. కండ్ల మాట తియ్యకుంట."

"ఉత్తగ ఎందుకన్నడు అంటె ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పుండ్రి. మీరు పెద్దోళ్లు."

"నిన్న వాళ్ల బిడ్డ మీద పితూరీ మోసినోన్ని నేనే. నా మొఖం చూసి నమ్ముతడా?"

"సార్, ఆమెకు పోతె ఒక్క ఏడాది పోతది. మళ్ల రాసుకుంటది. నాకు నౌకరే పోతది."

"ఏమన్నవు?"

"తప్పే సార్. అంటాంటె నాకే సిగ్గయితాంది. గని లెక్క అట్లనే ఉన్నది గద?"

"పొద్దున ఇంకొకరు గూడ అచ్చం ఇదే మాట అన్నరు."

"ఎవరు సార్?"

"లిదియా. నాయినతోని టీసీకి వచ్చింది. ఆయన ముందటనే అడిగిన, రాజం చెప్పింది నిజమేనా అమ్మా అని. నిజమే అన్నది."

"నిజమే అన్నదా?"

"అన్నది. ఆయన అక్కడనే చెంప మీద కొట్టిండు. నేను నిలబడి చూసిన, ఇంతకన్న సిగ్గు నాకు ఎన్నడు లేదు. ఆయన ఆఫీసులకు పోయినంక నా కాడికి వచ్చి ఆగింది. వానికి రంగు కనబడదు సార్, పిరికోడు, చెప్పుకోడు, ఆ మీటర్ బయటికి తీయుండ్రి అన్నది. మీ నాయినకు నేను చెప్తనంటె వద్దన్నది. నాకు పోతె ఒక్క ఏడాది పోతది, వానికి నౌకరే పోతది అన్నది."

"ఒక్క ఏడాదే పోతదా సార్?"

"ఆడపిల్లను ఒకపారి మాన్పిచ్చినంక మళ్ల పంపినోళ్లను నువ్వెక్కడన్న చూసినవా?"

"లేదు సార్."

"ఎటు పోతానవ్? ఆగు, ఆ చేతులన్న కడుక్కో, యాసిడ్ అంటింది."

"కడుక్కుంట. సార్, వాళ్ల ఇల్లు యాడనో నాకు ఎరుక లేదు. చెప్పుండ్రి."